పన్నెండడుగుల అడివి

ముందు గోడను కడగాలె.
సున్నం పెచ్చులు గీకి, పుట్టీ పెట్టి
గరుకు కాయితంతో రుద్దుతుంటే
తెల్లదుమ్ము మీసాల మీద వాలింది.
అడివి పనికి వచ్చి ఇంకా ఒక్క ఆకు గీయలే.

తాడ్వాయి రేంజి ఆఫీసు, తూర్పు గోడ.
పొడుగు పన్నెండడుగులు, ఎత్తు ఏడు,
నడిమిట్ల ఒక కిటికీ.
"కిటికీని ఏం చేస్తవ్?" అన్నడు రేంజరు సారు.
"చూద్దాం సార్."
"ఒక పులి ఉండాలె."
"చూద్దాం సార్."

నేను రాజమొగిలిని.
పోచమ్మ మైదాన్ కాడ ముప్పై ఏండ్లు
అక్షరాలు రాసిన చెయ్యి ఇది:
ఎరువుల దుకాణాలు, పండ్ల డాక్టర్లు,
ఓడిపోయిన సర్పంచుల పేర్లు.
ఫ్లెక్సీ మిషను వచ్చినంక
కుంచెలు కిరోసిన్ డబ్బాల పండుకున్నయి.
వాటిని లేపి, బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన.

మొదటి రోజంత లెక్కలే.
సుద్ద దారం గుంజి కొట్టి
కింది నుంచి మూడో వంతు కాడ నేల గీత.
వెలుగు ఎడమ దిక్కు నుంచి, అంటే పొద్దుగాల.
దగ్గరి చెట్లకు ముదురు పచ్చ,
నడిమి వాటికి ఇంత పసుపు,
ఆవలి వాటికి నీలం, తెలుపు.
దూరం అంటే ఏందో అనుకున్న గని
రంగు అలిసిపోవుడే.
నలుపు డబ్బా మూత తీయనని ఒట్టేసుకున్న:
నీడను నలుపుతోని గీసెటోడు
ఎన్నడూ నీడల కూసున్నోడు గాదు.

రెండో రోజు టేకు చెట్లు నిలబెట్టిన.
పదకొండు. నిటారుగ,
బోర్డు మీది అక్షరాల లెక్క
ఒకదానికొకటి తగలకుండ.

నర్సరీ మొక్కలకు నీళ్లు పోసే వాసం బుచ్చక్క
బకీటు కింద పెట్టి చూసింది.
చాన సేపు చూసింది.
"ఎవలు నాటిన్రు వీటిని?"
"నేనే."
"ఎరుకైతాంది.
ఇది ప్లాంటేషను, అడివి గాదు.
అన్నీ ఒక్క ఈడుయేనా? ముసలిది ఏది?
కూలింది ఏది? కూలినదాని మీద మొలిసింది ఏది?
ఇప్ప లేదు, తునికి లేదు,
నల్లమద్దికి మొసలి తోలు లేదు.
ఇంత సక్కగుంటే
ఎలుగ్గొడ్డు ఏడ తల దాసుకుంటది?"

బకీటు ఎత్తుకొని పోయింది.

ఆ రాత్రి వరండల టార్చిలైటు పట్టుకొని
పదకొండిట్ల ఐదింటిని తెలుపుతో మాపిన.
ఒకదాన్ని అడ్డంగ పండబెట్టిన.
చెట్టును నిలబెట్టుడు అల్కగ,
పండబెట్టుడే కష్టం.
బరువు కనపడాలె,
ఎన్ని వానలు దాని మీదికెల్లి పోయినయో కనపడాలె.
బెరడు ఊడిన కాడ మూడు పుట్టగొడుగులు.
వేర్ల కాడ పుట్ట.
పుట్టకు డబ్బా రంగు వాడలే,
ఆఫీసు ఎనుక ఎర్రమన్ను జల్లించి జిగురుల కలిపిన.

కిటికీ రెండు రెక్కలూ
ముసలి నల్లమద్ది తొర్రలకు పోయినయి.
పది గంటలకు గుమస్తా తెరిచిండు;
చెట్టు కడుపుల ట్యూబులైటు, ఫైళ్లు,
చాయ తాగుతున్న మనిషి.
బుచ్చక్క నవ్వంగ అదే మొదటిసారి చూసుడు.

ఇప్ప చెట్టు మాత్రం ఆమె చెప్తుంటేనే గీసిన.
"పువ్వు రాల్చిన్నవు, మంచిగనే ఉంది.
మరి కింద ఆకు అట్లనే ఉంటే ఎట్ల ఏరుతం?
జర కాల్సి, ఊడ్సి ఉంచుతం."
చెట్టు కింద గుండ్రంగ సాపు చేసిన,
అంచుకు ఒక కమిలిన గీత.
మనుషులను పెట్టలే. వద్దన్నడు సారు,
అభయారణ్యమట.
ఊడ్చిన జాగ మీద పసుపు చుక్కలు.

"పులి ఏదయ్యా?"
"ఉన్నది సార్, గడ్డి ఎనుక."
దగ్గరికి పోయి, ఎనుకకు జరిగి,
అద్దాలు తుడుచుకొని మళ్ల చూసిండు.
చూసిన అన్నడు.

ఆఖరి రోజు, పైసలు లెక్కబెట్టుకుంట,
"కింద ఒక లైను రాయి" అన్నడు:
అడవిలో నిప్పు పెట్టుట నేరం.

నలుపు డబ్బా మూత తీసిన.
ముప్పై ఏండ్ల చెయ్యి, ఎవ్వలూ చెప్పేది లేదు,
కొలత లేకుండనే నడిచింది.
నిజం చెప్తున్న,
ఆ నాలుగు రోజులల్ల దానికి సుఖమైంది అప్పుడే.
అక్షరాలు నిటారుగ, ఒక్క ఈడుయి,
ఒకదానికొకటి తగలకుండ.

చదువు రాని బుచ్చక్క
ఇప్ప కింద కమిలిన గీతను ఏలుతోని తాకి,
నా రాత దిక్కు తిరిగి అడిగింది:

"ఈ నల్లటియి ఏం చెట్లు?"